తెరమీది యాట యెటు పోవుచున్నది?

ఆట యన్న మాట వినినంతనే మన పెద్దలలో ననేకులకు చదువు చెడుటయే తలపునకు వచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో బాలురు గల యిండ్లలో ఫోను గూర్చిన తగవు నిత్యకృత్యమైనది. ఒక పక్షమువారు ఆటలన్నియు విషమందురు; రెండవ పక్షమువారు బదులాడక, తల వంచుకొని యాడుచునే యుందురు. ఈ రభసలో ఏ యాట మంచిది, ఏది చెడ్డది, ఎందువలన నను విచారమునకు చోటే లేకపోయినది. కావ్యమునకు విమర్శకులు గలరు, నాటకమునకు గలరు, చలనచిత్రమునకు వలసినంతకంటె నెక్కువమంది గలరు. యువకుల దినములో నింతటి భాగము నాక్రమించిన యీ కళకు మాత్రము తెలుగున విమర్శ మిక్కిలి యరుదు. నేనీ యాటలను ప్రేమించువాడను. కావుననే వాని నేటి నడకను గూర్చి కొంత కఠినముగా వ్రాయవలసియున్నది.

మొదట టెలివిజనుకు తగిలించు పెట్టెయు, దానిలో గ్రుచ్చు క్యాసెట్టును వచ్చినవి. మేరియో గంతులు వేయుచుండ నలుగురు బాలురు చుట్టు గూర్చుండి తమ వంతునకై యెదురుచూచెడివారు. పిదప నెట్ సెంటర్లు వెలసినవి. గంటకింత యని చెల్లించి కౌంటర్ స్ట్రైకు, వైస్ సిటీ ఆడిన తరమువారే యిప్పుడు సంసారులై బిడ్డలను మందలించుచున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన వెనుక డేటా చవుకయై యాట జేబులోనికి దిగినది. ఈ దశలలో బొమ్మల నాణ్యము పెరుగుటనే యందఱును చూచిరి. నా దృష్టిలో ముఖ్యముగా మారినది బేరము. క్యాసెట్టు కొన్నవాడు దానికి యజమాని. మిత్రునకు ఎరువీయవచ్చును, విసిగినచో నమ్ముకొనవచ్చును. నెట్ సెంటరులో కాలమునకు వెల యుండెను. గంట కాగానే లేచిపోవలసినదే, అది యొకవిధముగా మేలే. ఫోనులోని యాట వెల లేకయే వచ్చును. వెల లేక వస్తువు నిచ్చువాడు మఱి దేని నమ్ముకొని బ్రతుకుచున్నాడు?

అతడమ్మునది ఆశను. తుపాకికి రంగు, వీరునకు అంగీ, ఇవి పెక్కుమార్లు నేరుగా దొరకవు. 'క్రేటు' అను మూసిన పెట్టెలో నుండును. రూపాయలతో యూసీ కొనవలెను. యూసీతో పెట్టె తెఱువవలెను. లోపలినుండి కోరినది రావచ్చును, రాకపోవచ్చును. పోయినది రూపాయ యని బాలునకు తోపకుండ జేయుటయే యిందలి నేర్పు. ఇట్టి పెట్టెలు గల కొన్ని యాటలు తమ జూదచట్టమునకు విరుద్ధములని బెల్జియము 2018లోనే తేల్చినది. భారతము విన్నవారికిది క్రొత్త సంగతి కాదు. ధర్మరాజు రాజ్యమంతయు నొక్క పందెమున నోడలేదు. ఒడ్డినది పోగా మఱియొకటి యొడ్డుచు మెట్టుమెట్టుగా దిగజాఱెను. పాచికలు శకునివి. ఈనాడును పాచికలు సంస్థవారివే.

నేరుగా డబ్బొడ్డు నాటల సంగతి వేఱు. తెలంగాణ ప్రభుత్వము ఆన్‌లైను రమ్మీని 2017లోనే నిషేధించినది. ఆంధ్రప్రదేశమున 2020 వఱకు నట్టి నిషేధము లేదు. అనగా ఆ మూడేండ్లు కోదాడ దాటి విజయవాడ బాటను సరిహద్దున కావల నడుగిడినచో, అదే మనిషి అదే ఫోనులో నాడిన యాట నేరము కాకుండెను! 2025 ఆగష్టు 22న రాష్ట్రపతి యామోదమొందిన కేంద్ర చట్టము ధనపుటాటలను దేశమంతటను నిషేధించి, ఈ-స్పోర్ట్సును ప్రోత్సహింప నుద్దేశించినది. మేలే. కాని గెలిచినచో డబ్బు చేతికి వచ్చు నాటను జూదమని వారించి, డబ్బు పోవుటయే కాని వచ్చుట యెన్నడును లేని క్రేటును వినోదమనుట నాకు వింతగా నున్నది.

ఇక స్వామ్యము. పబ్‌జీ 2020 సెప్టెంబరు 2న నిషిద్ధమయ్యెను. 2021 జూలైలో బీజీఎంఐ యను పేర వచ్చెను. 2022 జూలైలో మరల నడ్డగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చెను. కారణములు ప్రభుత్వమువి, ఆటగానికి తెలిసినది మాత్రము తాను కూడబెట్టినదేదియు తనది కాదని. ప్రభుత్వము జోక్యము లేకయు నిట్లే జరుగును. 2014లో వెలువడిన 'ది క్రూ' అను కార్ల పందెపుటాటను ఉబిసాఫ్టువారు 2024 మార్చి 31న మూసివేసిరి. వెల యిచ్చి డిస్కు కొన్నవాడు సైతము ఒంటరిగా నైన దానిని నడపలేడు. దానిపై లేచిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమపు విన్నపముపై 2025 జూలై నాటికి ఐరోపాలో 10 లక్షలకు పైగా జనులు సంతకములు చేసిరి. అదే 2024లో సోనీవారి 'కాంకార్డ్' ఆగష్టు 23న పుట్టి సెప్టెంబరు 6న గిట్టెను. కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. అనేకుల యేండ్ల శ్రమమునకు రెండు వారముల యాయువు! ఎన్నటికిని ముగియని యాట కట్టి, దానిలో శాశ్వతముగ దుకాణము పెట్టవలెనను దురాశ ఫలమిది. కథ ముగియవలెను. ముగింపు లేని కావ్యమును మనమెవరమును పొగడము గదా.

ఈ తీరు అనివార్యమని వ్యాపారులు చెప్పుదురు. అది నిజము కాదు. 'స్టార్‌డ్యూ వ్యాలీ' యను వ్యవసాయపుటాటను ఒకే యొక్కడు నిర్మించి 2016లో వెలువరించెను. చీనావారు తమ పురాణ వానరవీరుని కథానాయకునిగా జేసి 2024లో 'బ్లాక్ మిత్: వుకాంగ్' తెచ్చిరి, లోకమంతయు నాడినది. హనుమంతుని గల దేశమువారము మనము చూచి చప్పట్లు కొట్టితిమి.

మనకు ఆటలు కూర్చు బుద్ధి లేదని యెవరనగలరు? పులిజూదము చూడుడు. పులులు కొన్ని, మేకలు పెక్కు. బలములు వేఱు, నడక వేఱు, గెలుపు వేఱు. పులి చంపి గెలుచును. మేకలు కూడి, దారులు మూసి గెలుచును. ఎదిరి పక్షములకు సమానము కాని బలము లిచ్చియు నాటను తూకముగా నిలుపుట నేటి నిర్మాతలకు సైతము కష్టమైన విద్య. మన యరుగుల మీద బొగ్గుతో గీసిన గీతలలో నది యెన్నడో సాధింపబడినది. దొరలకెదురుగా 1946 మొదలు ఊళ్లకూళ్లు కూడి నిలిచిన నల్లగొండ సీమవారికి ఆ మేకల యుక్తిని వేఱుగ చెప్పనేల?

కథావస్తువునకును కొదువ లేదు. నాగార్జునసాగరపు ఎడమకాలువ మన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములను తడుపుచున్నది. కాలువ మొదటివాడు తూము కొంచెమెక్కువ యెత్తినచో చివరివాని మడి యెండును. వాన యెప్పుడు వచ్చునో తెలియదు, వంతు రాత్రి రెండు గంటలకు వచ్చును, ప్రక్కచేనివాడు మేనమామ. తగవాడవలెనా, యోర్చుకొనవలెనా, పదిమందిని కూడగట్టవలెనా? ఇంతకంటె చిక్కైన యాట యేది? స్టార్‌డ్యూలోని రైతునకిట్టి చిక్కు లేదు, చెఱువు చెంతకు పోయి డబ్బాడు నీరు తెచ్చుకొనును.

ఇట్టి యాటను తెలుగు మాటలతో, మన యాసతో కట్టగలవారు మన యూళ్లలోనే పుట్టుచున్నారు. ఇంజనీరింగు చదివి హైదరాబాదు చేరుచున్నారు. అచట ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి విదేశీ సంస్థల కార్యాలయములు గలవు. వారిలో నిద్దరు ముగ్గురు సెలవు దినములలో గూర్చుండి, ఒక కాలువ, పది కమతములు, నాలుగు తూములు గల చిన్న యాటను కట్టి, ఒక్కసారి వెల పుచ్చుకొని, క్రేటు లేకుండ నిచ్చినచో, మొదట కొనువారిలో నేనుందును.