నీవనుటయు మీరనుటయు

గతవారము మా పొరుగింటి అమ్మాయి స్పానిషు వాచకమొకటి చేతబట్టుకొని మా యింటికి వచ్చినది. పైచదువునకు మాడ్రిడ్ వెళ్లనున్నది. "తాతగారూ, 'తూ' అంటే నీవు, 'ఉస్తెద్' అంటే మీరు. అంతవరకు తేలికే. కాని అక్కడ దుకాణాల్లో కుర్రవాళ్లు తల నెరిసినవారిని కూడా 'తూ' అనే అంటున్నారని మా అన్నయ్య రాశాడు. మరి ఈ ఉస్తెద్ నేర్చుకోవడం దేనికండీ?" అని అడిగినది. ఆ వార్త నన్ను నొప్పించినది. మన్నించు మాట నోట నిలిచినంతకాలమే మన్నన మనసున నిలుచునని ఈ శీర్షికలో నేనెన్నిమార్లు వ్రాసితినో చదువరులకు గుర్తుండును.

ఉస్తెద్ ఎంత గొప్పయింట పుట్టిన మాటయో ఆమెకు తెలుపవలెనని కథ మొదలుపెట్టితిని. లాటినులోని 'తూ' మన సంస్కృతపు 'త్వమ్'నకును, 'వోస్' అను బహువచనము 'వః' అను రూపమునకును తోబుట్టువులు. రోమను సామ్రాజ్యపు చివరి దినములలో చక్రవర్తి ఒక్కడేయైనను ఆయనను వోస్ అని సంబోధించుట ఆచారమైనది. మన 'మీరు' వలెనే అదియు బహువచనము మన్ననగా మారిన తీరు. కాని ఏలికకు చెల్లిన మాట మెల్లమెల్లగా ఎల్లరకును చెల్లి, వాడుకచే అరిగి, పదునాఱవ శతాబ్దమునాటికి స్పెయినులో వోస్ అనిపించుకొనుట పరువుగలవానికి అవమానమే యయ్యెను. అప్పుడు 'మీ దయ' అను అర్థముగల 'వుయెస్త్రా మెర్సెద్' ఆ పీఠము నెక్కినది. 1554లో ముద్రితమైన 'లాసరిల్యో దె తోర్మెస్' కథలో, ఇంట రొట్టెముక్కకైన గతిలేని పెద్దమనిషియొకడు, చేతిపనివాడు తన అంతస్తునకు తగిన వందనవాక్యము పలుకలేదని మండిపడును. ఎవరినెట్లు సంబోధింపవలెనో నిర్ణయించుచు 1586లో రెండవ ఫిలిప్ రాజు శాసనమే చేయవలసివచ్చినది. ఆ వుయెస్త్రా మెర్సెద్ జనుల నోట నలిగినలిగి ఉస్తెద్ అయినది. సంబోధించునది మనిషిని గాక ఆయన దయను గనుక, ఎదుటనున్నవానితోనే మాటలాడుచున్నను క్రియ ప్రథమపురుషలోనే యుండును. 'భవాన్ గచ్ఛతి' యను సంస్కృతమును, 'ఏలినవారేమి సెలవిచ్చెదరు' అను మన పాత కొలువుమాటయు నడచిన బాటయే యిది.

ఇంతవరకు చెప్పి ఆగితిని. అరువదేండ్లనాటి మా నాయనమ్మ మనసులో మెదలినది.

మా యింట పిల్లలందరము ఆమెను 'నువ్వు' అనియే పిలిచెడివారము. నేను పట్టణమున కళాశాలలో చేరిన మొదటి సంవత్సరము, పెద్దలను బహువచనముతో సంబోధించుట సంస్కారమని నేర్చుకొని, ఆ సంస్కారమును మా యూరికి కానుకగా తెచ్చితిని. సంక్రాంతి సెలవులలో గడప దాటుచునే "నాయనమ్మా, మీరు భోజనం చేశారా?" అంటిని. చేతిలోని చెంబు దించి ఆమె నావైపు చూచినది, బదులు పలుకలేదు. సాయంకాలము మా అమ్మతో "వాడికి నామీద కోపమెందుకే?" అని అడిగినదట. రాత్రి వాకిట నులకమంచముపై పరుండినప్పుడు నా చేయి పట్టుకొని, "నేను నీకు ఎప్పుడు పరాయిదాన్నయ్యాన్రా?" అన్నది. సంస్కారమని తెచ్చిన మాట ఆమెకును నాకును నడుమ గోడయై నిలిచినదని అప్పుడు తెలిసినది. మఱునాడు "నువ్వు తిన్నావా?" అనగానే, ఆమె పలుకక నా కంచములో మరియొక గరిటెడు నెయ్యి వడ్డించినది.

స్పానిషు నేలలను పరికించినను ఇదియే కానవచ్చును. కొలంబియాలో బొగోతా ప్రాంతమున భార్యాభర్తలు, అన్నదమ్ములు సైతము ఒకరినొకరు ఉస్తెద్ అనుకొందురు. సమీపముననున్న బొయాకాలో 'సు మెర్సెద్' అను నాటి రాజసభామర్యాద 'సుమెర్సే' యై తల్లి బిడ్డను లాలించు మాటగా మారినది. స్పెయినులో పరువుపోయిన వోస్, ఆండ్రెస్ బెల్యో వంటి పండితుడు చిలీలో ఎంత గర్హించినను చావక, బ్యూనస్ ఐరిస్ వీథులలో ఎల్లరి చనువు మాటగా వెలసినది. 1982లో అర్జెంటీనా సాహిత్య అకాడమీ దానిని శిష్టవ్యవహారమని అంగీకరించినది. ఉస్తెద్ పుట్టకముందే, 1492లో, స్పెయినునుండి వెడలగొట్టబడిన యూదుల భాషలోనో, అదే వోస్ మన్ననగా మిగిలినది. 1936లో బార్సిలోనాలో కార్మికులు ఉస్తెద్‌ను త్యజించి అందరిని తూ అనుచుండిరని ఆంగ్ల రచయిత ఆర్వెల్ వ్రాసెను. అక్కడ తూ సమానత్వమునకు చాటింపు. ఇక భగవంతునికన్న మన్నింపదగినవాడెవడు? స్పానిషు ప్రార్థనలో ఆయనయు తూ యే. మన భక్తులకు రాముడు నీవే.

కావున నేనింతకాలము వ్రాసినదానిని నేడు సవరించుచున్నాను. మన్నన మాటలో కాపురముండదు. మాటలు ఎక్కును, దిగును, మరల ఎక్కును. ఎదుటివారు మనకెంత చేరువ కాగోరుచున్నారో కనిపెట్టి, దానిని పాటించుటయే మన్నన.

అమ్మాయితో ఇట్లంటిని: "రెండూ నేర్చుకో తల్లీ. నీకు గది అద్దెకిచ్చే ముసలామెను మొదట ఉస్తెద్ అనే పిలువు. తూ అనమని ఆమె తన నోటితో అన్న క్షణంనుంచి మాత్రం ఉస్తెద్‌ను పట్టుకొని వేలాడకు. ఆమె తెరిచిన తలుపును నీవు మూసినట్లవుతుంది."

మా నాయనమ్మయెడ నేను చేసినది అదియే.