క్షేమమైన ఊళ్ళ జాబితా

సెలవులు దగ్గర పడగానే పత్రికల అనుబంధాల్లో 'ఒంటరి మహిళలు వెళ్ళదగ్గ ప్రదేశాలు' అనే శీర్షిక కనిపిస్తుంది. పుదుచ్చేరి, మైసూరు, కొచ్చి, ఉదయపూర్... ఊళ్ళన్నీ మంచివే. నా పేచీ ఆ శీర్షికతో.

ముందు 'ఒంటరి' అన్న మాట సంగతి చూద్దాం. మగవాడు ఒక్కడే బయలుదేరితే యాత్రికుడంటాం. ఆడమనిషి ఒక్కతే బయలుదేరితే ఒంటరిదంటాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం భర్త నుంచి విడిపోయిన స్త్రీలకు పింఛను ఇచ్చినప్పుడు కూడా 'ఒంటరి మహిళ' అనే పేరే పెట్టింది. ఆ పింఛను ఎంతో అవసరమైనదే. అయితే దిక్కులేనితనానికీ, కోరి తెచ్చుకున్న ఏకాంతానికీ ఒకే మాట వాడుతున్నాం. అందుకే 'ఒక్కదాన్నే వెళ్తున్నా' అంటే ఇంట్లోవాళ్ళకి 'నాకెవరూ లేరు' అన్నట్టు వినిపిస్తుంది.

ఇక క్షేమం. ఊళ్ళ పేర్ల పక్కనే సలహాలుంటాయి: చీకటి పడ్డాక తిరగకండి, నిండుగా కట్టుకోండి, ఎవరైనా అడిగితే పెళ్ళయిందని చెప్పండి. ఇల్లు పెట్టిన షరతులే ప్రయాణంలోకీ మన వెంట వచ్చాయన్నమాట. ముంబై మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో రాసిన 'వై లాయిటర్?' ఈ సంగతే చర్చించింది. రక్షణ పేరుతో స్త్రీని నియంత్రించడం కంటే, ఏ పనీ లేకుండా వీధిలో తిరిగే హక్కునీ, అందులోని ప్రమాదాన్ని తానే ఎంచుకునే హక్కునీ అడగాలని వాళ్ళ వాదన.

రక్షణల్లో కూడా తేడా ఉంది. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం, టిక్కెట్టు డబ్బు కట్టకపోయినా సరే, మగతోడు లేని స్త్రీని ఎక్కడపడితే అక్కడ దించడానికి వీల్లేదు. ఆమె ఎక్కిన చోటనో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగటిపూటే దించాలి. ఒక్కతివే ఎందుకొచ్చావని ఈ చట్టం అడగదు. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీల విషయంలో మాత్రం వలస నిబంధన వేరే రకం. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన స్త్రీకి 30 ఏళ్ళు నిండకపోతే అనుమతే లేదు. కోనసీమ నుంచీ కడప నుంచీ ఒక్కతే విమానమెక్కే ఆ స్త్రీలను మన సెలవుల జాబితాలు ప్రయాణికులుగా లెక్కలోకే తీసుకోవు. మొదటి నియమం అధికారి చేతులు కట్టింది. రెండోది స్త్రీ కాళ్ళు కట్టింది. ఏ సలహా చదివినా ఈ రెంటిలో అది ఏ రకం అని చూడాలనిపిస్తుంది నాకు.

ఊరిని బేరీజు వేయడం మనకు కొత్త కాదు. 1830 మేలో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, మజిలీ మజిలీకీ నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకున్నారు. యాత్రాచరిత్రకు అదొక కొలమానం. భర్తతో ఇంగ్లండు వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ 1876లోనే పుస్తకం వేశారు. అయినా ఒక్కతే తిరిగే స్త్రీ కొలమానం మన సాహిత్యంలో ఇంకా స్థిరపడలేదు.

ఊరు ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి. సాయంత్రం ఏడు దాటాక ఆ ఊరి ఆడవాళ్ళు బజారులో ఉంటారా? టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చుంటారా? బస్టాండులో మరుగుదొడ్డికి తాళం ఉంటుందా? చివరి బస్సు ఎన్నింటికి? 'ఒక్క లేడీకి రూమివ్వం' అనే లాడ్జి కౌంటర్లు నాకు తెలుసు. వర్జీనియా వుల్ఫ్ 1929లో రచయిత్రికి తనదైన గది కావాలంది. పరాయి ఊళ్ళో ఒక్క రాత్రికి గది దొరకడం కూడా ఆ కోరికలో భాగమే అనుకుంటాను. అయితే గుర్తింపు కార్డు చూపగానే పేరును బట్టి, మతాన్ని బట్టి కౌంటరు దగ్గర స్వరం మారేచోట, నాకు క్షేమమైన ఊరు నా స్నేహితురాలికి కాకపోవచ్చు. అందరికీ ఒకే జాబితా ఎలా కుదురుతుంది?

కొత్తగా మరొకటి జరిగింది. ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఛార్జీకి ఇంట్లో చెయ్యి చాపనక్కర్లేని స్త్రీ ఎటు వెళ్తుంది? గుడికీ, పుట్టింటికీ, సంతకీ, ఒక్కోసారి ఊరికే కూడా. దానిమీద ఎన్ని హాస్యాలు వచ్చాయో చూశాం. 'పనీపాటా లేక తిరుగుతున్నారు' అన్నదే ఆ హాస్యాల సారం. పని లేకుండా తిరగడం మగవాడికి విహారమైతే ఆమెకి నేరమెలా అయింది?

ఒక స్త్రీ ఎక్కడికైనా వెళ్ళగలగాలంటే ముందు ప్రతి ఊళ్ళోనూ ఆ ఊరి ఆడవాళ్ళు బయట ఉండగలగాలి. సెలవులకు ఎక్కడికెళ్ళమంటావని ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పే ముందు ఇదే చెప్తాను. వెళ్ళిన చోట బస్టాండు గురించీ, లాడ్జి గురించీ, సాయంత్రపు బజారు గురించీ నాలుగు వాక్యాలు రాయండి. అవి చదివి, తర్వాత వెళ్ళే ఆమె తన ఊరిని తానే ఎంచుకుంటుంది.