నీళ్ళలోకి దిగని విశ్వాసం

శుక్రవారం పదకొండు దాటాక కోనసీమలో ఏ పేటలోకి వెళ్ళినా ఉపవాస ప్రార్థన వినబడుతుంది. మైకు ఉంటే కొబ్బరితోటల అవతలికి, లేకపోతే రేకుల షెడ్డు గుమ్మం దాకా. లోపల చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో సంఘం రిజిస్టరులో పేరున్నవాళ్ళు కొందరు, లేనివాళ్ళు కొందరు. లేనివాళ్ళు గుమ్మానికి దగ్గరగా కూర్చుంటారు. చాలామందికి నుదుట బొట్టు ఉంటుంది. సాక్ష్యం చెప్పమంటే తల అడ్డంగా ఊపుతారు. ప్రార్థన మొదలైందంటే మాత్రం చెంగు తలమీదికి లాక్కుని మోకరించిన వాళ్ళు ఆఖర్న గానీ లేవరు. పక్కన చిన్న కొబ్బరినూనె సీసా. అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చాక ఆ నూనె ఇంటికి పట్టుకెళ్ళి జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటికో, మంచాన పడ్డ అత్తగారి మోకాళ్ళకో రాస్తారు.

ఇలా వచ్చేవాళ్ళలో మళ్ళీ రెండు రకాలున్నారు. కష్టం వచ్చింది కాబట్టి వచ్చినవాళ్ళు ఒక రకం. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకి వెళ్ళి తలనీలాలిచ్చి, మధ్యలో శుక్రవారం ఇక్కడికీ వస్తారు. వాళ్ళ భక్తికి తక్కువేమీ లేదు గానీ ఇక్కడ చెప్పదలుచుకున్నది రెండో రకం గురించి. వీళ్ళు ఏళ్ళ తరబడి క్రీస్తు ఒక్కడికే మొక్కుతున్నారు. తెల్లారగట్ల ఇల్లు లేవకముందే వాక్యం చదువుకుంటారు. అబద్ధం ఆడాల్సి వస్తే ఆయన పేరు తలుచుకుని ఆగిపోతారు. అయినా బాప్తిస్మం తీసుకోరు, ఏ సంఘంలోనూ చేరరు. ఇంట్లోవాళ్ళకి వీళ్ళు హిందువులే, సంఘానికి 'ఇంకా నిర్ణయం తీసుకోని ఆత్మ'లే. ఇరవై ఏళ్ళ కిందటే నిర్ణయం తీసుకున్న మనిషికి ఆ పేరు అన్యాయం.

ఈ డెల్టాకి సువార్త ఎలా వచ్చిందో గుర్తుచేసుకుంటే ఆ అన్యాయం ఇంకా బాగా కనబడుతుంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఇంగ్లండులో పళ్ళ డాక్టరు. వైద్యం వదిలేసి 1829లో బాగ్దాదు వెళ్ళాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చి భార్యనీ పసిబిడ్డనీ తీసుకుపోయింది. తర్వాత ఇండియా వచ్చాడు. నలుగురు విశ్వాసులు కూడితే రొట్టె విరవడానికి పట్టా పొందిన పాదిరీ అక్కర్లేదన్నది ఆయన నమ్మకం. 1836లో ఆయన వెంట మన తీరానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులకి మిషన్ సొసైటీ జీతం లేదు, బిషప్పు ఆశీర్వాదం లేదు. నరసాపురం, పాలకొల్లు వాళ్ళ మకాం. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో కూలీల మధ్య సువార్త చెప్పింది వీళ్ళే. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి వశిష్ట దాటితే వాళ్ళు నడిచిన నరసాపురమే. గోదావరి డెల్టాలోని బ్రదరన్ కూటాలన్నిటికీ మొదలు అక్కడుంది.

అంటే మన ప్రాంతానికి ఈ సువార్త తెచ్చినవాళ్ళే వ్యవస్థ బయట నిలబడ్డవాళ్ళు. చర్చి పట్టా అడగకుండా దేవుణ్ణి నమ్మొచ్చని తమ బతుకుతో చూపించారు. తర్వాత తరాల్లో కూటం సంఘమైంది, సంఘానికి పెద్దలొచ్చారు, పెద్దలకి రిజిస్టరు వచ్చింది. ఆదివారం బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో, ఎవరు వెనక బెంచీలో ఉండాలో ఇప్పుడు ఆ రిజిస్టరు చెబుతుంది. ఏ ఉద్యమమైనా నిలబడాలంటే ఇలాంటివి కొన్ని తప్పవు. ఆ రిజిస్టరు దేవుడి దగ్గరున్న పుస్తకానికి నకలు అనుకోవడంలోనే తేడా వస్తుంది.

ఆ తేడాని తెలుగునాట అందరికన్నా గట్టిగా ఎత్తిచూపిన మనిషి కలగర సుబ్బారావు. 1912లో పుట్టారు. మునిపల్లెలో హెడ్మాస్టరు. మతం మీద ఆసక్తి లేని మనిషి. 1942లో జబ్బు మీద ఉండగా తనకి క్రీస్తు కనిపించాడని చెప్పారు. ఆ తర్వాత ఆయన ప్రార్థిస్తే రోగాలు నయమవుతున్నాయని జనం రావడం మొదలుపెట్టారు. వందల మంది, తర్వాత వేల మంది. వచ్చినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉండేవారు. సుబ్బారావు మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు, చర్చిలో చేరలేదు, వచ్చినవాళ్ళని చేరమనీ చెప్పలేదు. క్రీస్తుని గురుదేవుడని పిలిచారు. తెలుగులో పాటలు కట్టి పాడించారు. పాదిరీలని వెనక్కి పొమ్మంటూ ఒక పుస్తకమే రాశారు, దాని పేరు 'రిట్రీట్, పాదరీ!'.

ఆ పేరు చూసి ఆయన్ని చర్చి మీద కోపమున్న మనిషిగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఆయన పోరు అహంకారంతో. మనిషి తనని తాను మరిచిపోవడమే క్రీస్తు మార్గమనీ, మతం అనేది 'నేను' అన్నదానికి కొత్త బట్టలు కుట్టి తొడుగుతుందనీ ఆయన వాదన. నేను ఫలానా సంఘం, నేను రక్షణ పొందినవాణ్ణి, నేను మునిగి లేచినవాణ్ణి అనుకునే కొద్దీ చావాల్సిన 'నేను' బలుస్తుందన్నారు. బాప్తిస్మాన్ని ఆయన తిరస్కరించడానికి మూలం ఇక్కడే ఉంది.

బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో చర్చి చరిత్ర బోధించిన డెన్మార్క్ పండితుడు కాయ్ బాగో ఈ ఉద్యమాన్ని చూసి 1968లో ఒక పుస్తకం రాశారు. క్రీస్తు మిషన్ కాంపౌండు గోడ దాటి వెళ్ళిపోతే చర్చి ఏం చేయాలన్నది అప్పట్లో భారతీయ క్రైస్తవ పండితుల్లో పెద్ద చర్చ. ఆ చర్చ నడిచింది ఎక్కువగా ఇంగ్లీషులో. గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్న మనిషి దాకా అది రాలేదు. సుబ్బారావు 1981లో కన్నుమూశారు.

ఆయన ఒక్కరే కాదు. మద్రాసులో కందస్వామి చెట్టి అనే విద్యావేత్త 1915లో మిషనరీల సమావేశంలోనే నిలబడి, క్రీస్తుని నమ్ముతూ కూడా తను క్రైస్తవుడు ఎందుకు కాలేదో వివరించారు. జపానులో ఉచిమురా కాంజో 1901లోనే 'చర్చి లేని క్రైస్తవం' పేరుతో పత్రిక నడిపాడు. సుబ్బారావు అనుభవం జరిగిన 1942లోనే ఫ్రాన్సులో తత్వవేత్త సిమోన్ వెయ్ తను బాప్తిస్మం ఎందుకు తీసుకోలేకపోతున్నదో ఒక పాదిరీకి వరసగా ఉత్తరాలు రాసింది. గుమ్మం బయటున్న కోట్ల మందిని వదిలి లోపలికి వెళ్ళడానికి ఆమెకి మనసొప్పలేదు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళు, తమ మాట తాము రాసుకోగలిగారు. రాజోలు పక్కన రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళే ఆడమనిషికీ అదే నమ్మకం ఉండొచ్చు, రాసిపెట్టేవాళ్ళు లేరంతే.

అయితే సుబ్బారావు వాదాన్ని కోనసీమకి ఉన్నదున్నట్టు తెచ్చి అతికించలేం. ఇక్కడ కులం అడ్డొస్తుంది. ఆయన పుట్టింది భూములున్న కులంలో. చర్చి వద్దన్నందుకు ఆయన పోగొట్టుకున్న ఊరి మర్యాద ఏమీ లేదు. కోనసీమ మాలపేటకీ మాదిగపేటకీ చర్చి అంటే అర్థం వేరు. ఊరి గుడిలోకి రానివ్వని రోజుల్లో, ఎదుటి గుమ్మంలోంచి తలెత్తుకుని వెళ్ళి కూర్చోగలిగిన మొదటి కట్టడం అది. పలకా బలపం ఇచ్చింది, ఆస్పత్రిలో మంచం ఇచ్చింది, 'ఒరే' అని పిలిపించుకున్న మనిషిని 'సహోదరుడు' అని పిలిచింది. ఆ చర్చిని 'వ్యవస్థ' అని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు బయటివాళ్ళకి లేదు. సంఘం వద్దని చెప్పేముందు, ఆ సంఘం ఎవరికి ఏం ఇచ్చిందో లెక్క చూసుకోవాలి.

అదే పేటలో ఇంకో లెక్క కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కు దళితులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో మారినవాళ్ళు బీసీ-సీ కిందకి వస్తారు. 1977లో ఇచ్చిన జీవో 341 కొన్ని ఆర్థిక రాయితీలు కలిపింది గానీ రాజ్యాంగపరమైన హోదా ఇవ్వలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించినప్పుడు, చిన్నప్పుడు పొందిన బాప్తిస్మమూ చర్చికి వెళ్ళే అలవాటూ ముఖ్యమైన సాక్ష్యాలయ్యాయి. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరడం కుదరదంది.

దీంతో బాప్తిస్మం తీసుకోని ప్రతి దళిత విశ్వాసి మీదా ఒక నింద పడుతుంది. ఒక పక్క నుంచి దొంగ హిందువు అంటారు, ఇంకో పక్క నుంచి పిరికి విశ్వాసి అంటారు. కొడుకు చదువూ ఉద్యోగమూ సర్టిఫికెట్ మీద ఆధారపడ్డ తండ్రి నీళ్ళలోకి దిగడానికి వెనకాడితే, అతని ప్రార్థన దొంగదైపోతుందా? మనసులోని దేవుడికీ కూటికీ మధ్య ఒకటి తేల్చుకోమని ఏ అగ్రకులస్తుణ్ణీ మన చట్టం అడగలేదు. రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛ గురించి చెప్పిన మాట ఈ పేటలో ఇంత ఖరీదుగా ఎందుకుందో నింద వేసేవాళ్ళు ముందు ఆలోచించాలి.

అగ్రకులాల ఇళ్ళలో ఖరీదు ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ కోడలు బాప్తిస్మం తీసుకుంటే సర్టిఫికెట్ పోదు. పుట్టింటి రాకపోకలు పోతాయి, ఆడపిల్ల పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయి. అందుకని బైబిలు బీరువాలో చీరల మడతల కింద ఉంటుంది. ప్రార్థన వంటింట్లోనే, అన్నం ఉడికేలోపు.

ఒంటరిగా నమ్మడం తేలికేమీ కాదు. సంఘంలో ఉన్నవాళ్ళకి ఆదివారం గంట కొడుతుంది, పాట ఎత్తుకునేవాళ్ళుంటారు, మనసు చెదిరిన వారం పక్కవాళ్ళ గొంతు మోస్తుంది. ఒంటరికి గంట కొట్టేవాళ్ళు లేరు. తనే లేవాలి, చదివింది అర్థం కాకపోతే మర్నాడు మళ్ళీ చదవాలి. సరిదిద్దేవాళ్ళు లేక తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది, నూనెనే మందుగా నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడం లాంటివి. ఈ మాట ఒప్పుకోకుండా ఒంటరి విశ్వాసాన్ని మెచ్చుకోవడం నిజాయితీ అనిపించుకోదు. అయినా ఎవరూ చూడకుండా, ఎవరి మెప్పూ లేకుండా, ఇరవై ఏళ్ళు నడిపించిన ప్రార్థనకి ఉన్న బరువుని ఏ రిజిస్టరూ తూచలేదు.

ఇక మిగిలింది చావు దగ్గర వచ్చే చిక్కు. ఇలాంటి మనిషి పోయినప్పుడు 'నన్ను ప్రార్థన చేసి పంపండి' అని ముందే చెప్పి ఉంటే, బంధువులు శ్మశానానికంటారు, సంఘం సమాధుల తోటలో చోటు పేరున్నవాళ్ళకేనంటుంది. శవం వాకిట్లో ఉండగా రెండు పక్షాలూ పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటాయి. దీనికి పెద్ద సిద్ధాంత చర్చ అక్కర్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంఘ పెద్దలు ఒకసారి కూర్చుని, శుక్రవారాలు గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు కోరుకుంటే, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, బాప్తిస్మం అడక్కుండా ఆరడుగుల చోటూ ఒక పాటా ఒక ప్రార్థనా ఇస్తామని తీర్మానం రాసుకుంటే చాలు. బౌడెన్, బీర్ దగ్గర పట్టా అడగని ఈ నేల మీద ఆ తీర్మానం కొత్తదేమీ కాదు.