నంబర్లు కలిస్తేనే డ్యూసెన్‌బర్గ్

కొత్త లారీ కొన్నవాళ్లను అడగండి, కంపెనీ ఇచ్చేది ఉత్త ఛాసిస్సేనని చెబుతారు. దాన్ని ఏ విజయవాడ ఆటోనగర్‌కో తోలుకొచ్చి, వడ్రంగికీ వెల్డరుకూ పెయింటరుకూ అప్పగిస్తే గాని అది సరుకెత్తే లారీ కాదు. ఒకప్పుడు అమెరికా కోటీశ్వరులు కార్లు కొన్న పద్ధతీ అదే. 1928 డిసెంబరులో న్యూయార్క్ ప్రదర్శనలో తొలిసారి జనం కంటపడిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె కారుకు ఒక్క ఛాసిస్ ధరే 8,500 డాలర్లు. బాడీ విడిగా కట్టించుకోవాలి. అంతా పూర్తయి ఇంటికి చేరేసరికి పదమూడు వేల నుంచి ఇరవై వేల డాలర్ల దాకా తేలేది. ఆ రోజుల్లో సుమారు ఐదు వందల డాలర్లకు ఫోర్డ్ మోడల్ ఎ కారు వచ్చేసేది.

ఈ కారు వెనక ఉన్నది ఫ్రెడ్, ఆగస్ట్ డ్యూసెన్‌బర్గ్ అనే ఇద్దరు అన్నదమ్ములు. జర్మనీలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరారు. పందెం కార్ల తయారీలో చేయి తిరిగినవాళ్లు. వాళ్ల కారు 1921లో ఫ్రెంచి గ్రాండ్ ప్రి గెలిచింది. ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో 1924, 1925, 1927లలో గెలుపు వాళ్లదే. పందేలు గెలిచారు గాని వ్యాపారం అబ్బలేదు. 1926లో ఇ.ఎల్. కార్డ్ అనే వ్యాపారి కంపెనీని కొని, అమెరికాలో ఇంతకు మించిన కారు లేదనిపించేది చేసి చూపమని ఫ్రెడ్‌ను పురమాయించాడు. అలా పుట్టిందే మోడల్ జె.

బానెట్ ఎత్తితే లేత ఆకుపచ్చ రంగు పూసిన పొడవాటి ఇంజను. వరసగా ఎనిమిది సిలిండర్లు, ఒక్కో దానికి నాలుగు వాల్వులు, పైన రెండు కామ్‌షాఫ్టులు, 6.9 లీటర్ల సామర్థ్యం. కంపెనీ ప్రకటించిన శక్తి 265 హార్స్‌పవర్. అప్పటి అమెరికా కార్లలో దాని దరిదాపులకు వచ్చినది లేదు. 700 మైళ్లు తిరిగితే ఇంజనాయిల్ మార్చమని, 1,400 మైళ్లకు బ్యాటరీ చూసుకోమని డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగేవి. కార్లలో కంప్యూటర్లు లేని రోజుల్లో పళ్లచక్రాల లెక్కతో సాధించిన పని అది. 500 కార్లు చేద్దామనుకున్నారు. ఏడాది తిరక్కుండా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1932లో కారు ప్రమాదం తర్వాత ఫ్రెడ్ కన్నుమూశాడు. 1937లో కంపెనీ మూతపడేనాటికి తయారైనవి దాదాపు 480.

ఇక బాడీ సంగతి. పాసడీనాలో మర్ఫీ, న్యూయార్క్‌లో రోల్‌స్టన్, పెన్సిల్వేనియాలో డెర్హమ్ వంటి కార్ఖానాలు ఈ పనికి పేరుమోశాయి. అన్నిటికంటే ఎక్కువ కార్లకు బాడీ కట్టింది మర్ఫీవాళ్లు. ముందు ఆష్ కర్రతో అస్థిపంజరం కడతారు. ఆ కర్ర తేలిక, గట్టిది, అదురును ఓర్చుకుంటుంది. దాని మీదికి అల్యూమినియం లేదా ఉక్కు రేకు. బిందె చేసే కంచరి రేకును దెబ్బదెబ్బకూ తిప్పుకుంటూ ఎలా వంపు తెస్తాడో, ఇక్కడా అంతే. ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో గుంట తీస్తారు. తర్వాత రెండు ఇనుప చక్రాల మధ్య రేకును ముందుకీ వెనక్కీ నడిపి నునుపు చేస్తారు. ఉక్కు రేకుల అతుకుల మీద సీసం కరిగించి నింపి, ఆకురాయితో సాపు చేస్తారు. ఆపైన పలచటి లాకర్ రంగు పూతలు. ఆరనిచ్చి రుద్దడం, మళ్లీ పూయడం. చేత్తో చేసిన పని కాబట్టి ఒక కారు మడ్‌గార్డు ఇంకో కారుకు అచ్చంగా అతకదు. పాత కారు తలుపు తీసి మరో కారుకు బిగించబోయిన మెకానిక్‌కు ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

అసలు చిక్కంతా కంపెనీ పోయిన తర్వాత మొదలైంది. 1940ల్లో ఇవి పెట్రోలు తాగే పాత బండ్లు మాత్రమే. ఇంజను చెడితే ఇంకో డ్యూసెన్‌బర్గ్ నుంచి తెచ్చి వేశారు. ముసలి లిమోజీన్ బాడీ పీకేసి, దాని స్థానంలో కుర్రకారు మెచ్చే టాపులేని బాడీ ఎక్కించారు. అప్పుడది ఎవరికీ తప్పనిపించలేదు. ఆ తర్వాత ధరలు ఆకాశాన్నంటాయి. టాపులేని కారుకు లిమోజీన్‌కన్నా ఎన్నో రెట్ల ధర పలకడంతో, కొత్తగా కట్టిన బాడీలు కూడా పాత ఛాసిస్‌ల మీదికి ఎక్కసాగాయి. చూడ్డానికి అన్నీ డ్యూసెన్‌బర్గ్‌లే. మరి ఏది ఎంతవరకు నిజం?

జవాబు నంబర్లలో ఉంది. మన రవాణా ఆఫీసులో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసినట్టే, ఇక్కడా ఇంజను మీది ‘జె’తో మొదలయ్యే నంబరు, ఛాసిస్ నంబరు, బాడీ నంబరు, ఇంజను వెనక గోడకు కొట్టిన రేకు ఒక్కొక్కటే పరీక్షిస్తారు. అంకెల వంపు, పోటు లోతు, చుట్టూ ఎవరైనా గ్రైండరు పట్టిన జాడలు అన్నీ చూస్తారు. 1952లో ఏర్పడిన ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ క్లబ్ ఇలా తనిఖీ చేసి కార్లకు తరగతులవారీగా ధ్రువపత్రాలు ఇస్తుంది. అభిమానులు ఇద్దరు కలిస్తే రంగు గురించి అడిగేలోపే ఇంజను నంబరు అడుగుతారు. ఆ ఒక్క నంబరు చెబితే మొదటి యజమాని నుంచి ఇప్పటిదాకా వంశవృక్షం అప్పజెప్పేవాళ్లున్నారు.

వాళ్లలోనూ రెండు వర్గాలున్నాయి. మొదటివాళ్లు నట్టు నట్టు విప్పి, కారును షోరూం నుంచి అప్పుడే వచ్చినట్టు నిలబెడతారు. కాలిఫోర్నియాలో 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ కార్ల అందాల పోటీల్లో చాలాకాలం వీళ్లదే రాజ్యం. 2007లో అక్కడ మొదటి బహుమతి అందుకున్న ‘మోర్మన్ మీటియర్’ డ్యూసెన్‌బర్గే. 1935లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో ఆబ్ జెంకిన్స్ అనే డ్రైవరు ఇరవైనాలుగు గంటల పాటు సగటున గంటకు 135 మైళ్ల వేగంతో పరుగెత్తించిన కారది. రికార్డు తర్వాత దాన్ని మామూలు రోడ్ల మీదా నడిపారు. అలాంటి కారును బాగుచేస్తే ఏనాటి రూపానికి తేవాలి? ఈ ప్రశ్న వేసుకోని మరమ్మతు ఎంత ధగధగలాడినా అరకొరే.

రెండోవాళ్లు అసలు ముట్టుకోవద్దంటారు. పాత గుడి స్తంభాలకు ఇసుకను జోరుగా చిమ్మి శుభ్రం చేయిస్తే ఉలి జాడలు కూడా ఊడిపోతాయి కదా, కారుకూ అదే గతి అన్నది వీళ్ల వాదన. పగిలిన రంగు, అరిగిన తోలు సీటు మళ్లీ తెప్పించుకోలేని సాక్ష్యాలు. వీళ్ల మాటకు ఇప్పుడు బలం పెరిగింది. 2024 పెబుల్ బీచ్‌లో మొదటిసారిగా బాగుచేయకుండా కాపాడిన కారుకు పెద్ద బహుమతి దక్కింది. అది అమెరికా కారు కాదు, బుగాటి. అయినా తీర్పు మారిందన్న కబురు డ్యూసెన్‌బర్గ్ షెడ్లకూ చేరింది.

కారన్నాక కదలాలి అన్న విషయంలో మాత్రం రెండు వర్గాలదీ ఒకటే మాట. పెబుల్ బీచ్‌లో 1998 నుంచి పోటీకి ముందు రోడ్డు యాత్ర ఉంది. మార్కులు సమానమైతే ఆ యాత్ర పూర్తిచేసిన కారుదే గెలుపు.

డబ్బు లెక్కా చెప్పుకోవాలి. డ్యూసెన్‌బర్గ్‌లలో పొట్టి ఛాసిస్ మీద కట్టిన ఎస్ఎస్‌జె రకం కార్లు రెండే. హాలీవుడ్ నటుల్లో ఒకటి క్లార్క్ గేబుల్, మరొకటి గ్యారీ కూపర్ నడిపారు. కూపర్ కారు 2018 వేలంలో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది. మన దేశానికీ ఒక చుట్టరికం ఉంది: ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ 1930ల్లో డ్యూసెన్‌బర్గ్ ఛాసిస్ తెప్పించుకుని, లండన్‌లో గర్నీ నటింగ్ కార్ఖానా చేత బాడీ కట్టించుకున్నాడు. ఆ కారు తర్వాత అమెరికా చేరింది.

నా మట్టుకు, పుచ్చిన కర్రను మార్చడం తప్పు కాదు, మార్చిన సంగతి దాచడం తప్పు. మీ ఇంట్లో తాతగారి అంబాసిడరో ఫియట్టో షెడ్డులో ఉంటే, టింకరింగ్‌కు ఇచ్చే ముందు ఓ పూట కేటాయించండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీ పుస్తకంతో సరిచూడండి. ఉన్నదున్నట్టు ఫొటోలు తీయండి. ఏది మార్చారో, ఎప్పుడు మార్చారో తారీఖుతో సహా ఓ నోటుబుక్కులో రాసి, కారులోనే పెట్టండి.