తలెత్తి చదవాల్సిన కప్పులు

స్కాట్లాండ్ ఈశాన్యాన, ఆబర్డీన్‌షైర్‌లో క్రాథెస్ అనే కోట ఉంది. బర్నెట్ వంశం వారు 1553లో కట్టడం మొదలుపెట్టి 1596కి పూర్తి చేశారు. కోట అనగానే మనకు బురుజులూ ఫిరంగులూ గుర్తొస్తాయి గానీ, క్రాథెస్‌కు పేరు తెచ్చినవి దాని పై గదుల కప్పులు. ఒక గదిలో తలెత్తి చూస్తే దూలానికీ దూలానికీ మధ్య, పలకల మీద, ఒక్కో వీరుడు కనిపిస్తాడు. హెక్టర్, అలెగ్జాండర్, జూలియస్ సీజర్; యెహోషువ, దావీదు, యూదా మక్కబీ; ఆర్థర్, షార్లమేన్, గాడ్‌ఫ్రీ. మొత్తం తొమ్మిది మంది. వాళ్ల ఘనత చెప్పే పద్యాలు దూలాల పక్కల మీద వరసగా రాసి ఉంటాయి. చివరికొచ్చేసరికి ఆ కప్పు చదివేవాళ్లనే ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ తొమ్మిది మందిలో అందరికన్నా శూరుడెవరు? నాలుగు వందల ఏళ్ల కిందట ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఆ ప్రశ్న మీద ఎంత వాదించుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇలాంటి కప్పులు స్కాట్లాండ్‌లో కోటలకే పరిమితం కాలేదు. సుమారు 1550 నుంచి 1650 దాకా, ఒక వంద ఏళ్ల పాటు, జమీందార్లూ వర్తకులూ లాయర్లూ తమ ఇళ్ల చెక్క కప్పులకు రంగుల బొమ్మలు వేయించుకున్నారు. ఇంటి అలంకారం గురించి ఆలోచించేవాళ్లకు ఆ సంప్రదాయం ఇప్పటికీ నేర్పే పాఠం ఒకటుంది. ఇంటి బరువు మోసే చెక్కను వాళ్లు దాచలేదు. ఆ చెక్కనే అలంకరించారు. వాళ్ల కప్పుల అందమంతా అక్కడ మొదలవుతుంది.

నేల కిందివైపే కప్పు

ఆ ఇళ్ల కట్టుబడి చాలా సరళం. రెండు గోడల మధ్య దూలాలు దగ్గర దగ్గరగా వేస్తారు. వాటి మీద పలకలు పరుస్తారు. పలకల పైవైపు మేడ గదికి నేల, కిందివైపు కింది గదికి కప్పు. మధ్యలో పైపూత గానీ, వేలాడదీసిన తొడుగు గానీ ఉండదు. అప్పటికే స్కాట్లాండ్‌లో పెద్ద కలపకు కరువొచ్చింది. అందుకని నార్వే నుంచి పైన్ కలప ఓడల్లో తూర్పు తీరపు రేవులకు దిగేది. అలా సముద్రం దాటి వచ్చిన చెక్క మీదే ఈ బొమ్మలన్నీ పుట్టాయి.

కిటికీలు చిన్నవి, చలికాలం పొడవు, సాయంత్రమంతా కొవ్వొత్తుల వెలుగే. అలాంటి గదిలో నల్లబడిన చెక్క కప్పు ఉంటే నెత్తి మీద బరువు పెట్టినట్టే ఉంటుంది. తెల్లటి సుద్ద పూత మీద ఎరుపూ పసుపూ నీలమూ పడితే గది ఎత్తు పెరిగినట్టు అనిపిస్తుంది. అందం కోసం చేసిన పని, వెలుతురు కోసం కూడా చేసిన పని.

ఈ కప్పుల్లో గమనించాల్సిన సూక్ష్మం ఒకటుంది. గుమ్మంలో నిలబడి చూస్తే దూలాల మధ్య పలకలు కనపడవు. ఒకదాని వెనక ఒకటిగా దూలాల పక్కలే కనిపిస్తాయి. నాలుగడుగులు లోపలికి వేసి తల పూర్తిగా ఎత్తితేనే పలకల మీది బొమ్మలు బయటపడతాయి. చిత్రకారులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే దూలం పక్కల మీద వరసగా చదువుకోదగ్గ అక్షరాలో, తీగలాగా సాగిపోయే నగిషీయో పెట్టారు. దూలం అడుగున, సన్నటి చోటులో, పదే పదే వచ్చే చిన్న నమూనా వేశారు. నిలిచి చూడాల్సిన మనుషుల బొమ్మల్ని పలకల మీద ఉంచారు. మూడు చోట్లు, మూడు రకాల పని. నడిచే కొద్దీ కప్పు మారుతూ ఉంటుంది.

సుద్ద, జిగురు, రంగు

వాడిన పద్ధతి ఖరీదైన తైలవర్ణం కాదు. తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురును నీళ్లలో నానబెట్టి, సన్నటి సెగ మీద కరిగిస్తారు. మరగనిస్తే జిగురు పట్టు పోతుంది. చిత్రిక పట్టిన చెక్కకు ముందు పల్చటి జిగురు నీళ్లు పట్టిస్తారు. లేకపోతే చెక్క రంగును పీల్చేస్తుంది. దాని మీద సుద్దపొడి కలిపిన జిగురు పూత. అది ఆరాక నల్లటి గీతలతో బొమ్మ గీసి, లోపల రంగులు పరిచి, చివర్లో మళ్లీ నలుపుతో అంచులు తేల్చేవాళ్లు. నీడలు దిద్దే పని తక్కువ. కింద నిలబడ్డ మనిషికి అంత దూరం నుంచి కనపడాల్సింది గట్టి గీత, తేట రంగు.

రంగుల పేర్లు వింటే మన పాత చిత్రకారుల పెట్టె తెరిచినట్టుంటుంది. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు, ఇంకా ఎర్రమట్టి, పచ్చమట్టి, కాల్చిన ఎముకల మసి. సుద్దా జిగురూ కలిసిన ఈ రంగు ఆరాక మెరవదు. కొవ్వొత్తి వెలుగు దాని మీద పడి తళుక్కున వెనక్కి కొట్టదు. చూపు ఎటు తిప్పినా బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుంది. కప్పుకు మెరిసే రంగు ఎందుకు పనికిరాదో ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటం తయారుచేసే తీరు చూసినవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. వాళ్లూ ఖద్దరు గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపిన పూత వేసి, దాన్ని నున్నగా చేసి, ఆ మీదట బొమ్మ కడతారు. ఒకరిది చెక్క, ఇంకొకరిది గుడ్డ. ఒకరిది తోలు జిగురు, ఇంకొకరిది చింతగింజ. సూత్రం మాత్రం ఒకటే: రంగు నిలవాలంటే ముందు తెల్లటి నేల సిద్ధం కావాలి.

పుస్తకాల నుంచి కప్పు మీదికి

ఆ బొమ్మలన్నీ చిత్రకారుల సొంత ఊహలు కావు. యూరప్‌లో అచ్చు పుస్తకాలు పెరిగిన రోజులవి. నెదర్లాండ్స్‌కు చెందిన హాన్స్ వ్రెడెమన్ డి వ్రీస్ లాంటి వాళ్లు అచ్చేసిన నగిషీల పుస్తకాలు స్కాట్లాండ్ దాకా చేరాయి. ఫర్త్ ఆఫ్ ఫోర్త్ ఒడ్డున కూరస్ ఊళ్లో బొగ్గూ ఉప్పూ వ్యాపారంలో సంపన్నుడైన జార్జ్ బ్రూస్ ఇంట్లో ఒక గది ఉంది. దాని వంపు చెక్క కప్పు మీద నీతి చిత్రాలు వరసగా ఉంటాయి. అవి జెఫ్రీ విట్నీ 1586లో అచ్చేసిన నీతి చిత్రాల పుస్తకం నుంచి దించినవి. ఒక్కో బొమ్మ కింద ఒక్కో హితవాక్యం. సముద్రం కింద బొగ్గు తవ్వించిన ఆ వ్యాపారి ఆ బొమ్మల కింద కూర్చుని లెక్కలు చూసుకున్నాడని ఊహించుకోవచ్చు.

అందరూ అంత గంభీరమైన విషయాలే ఎంచుకోలేదు. ఎడిన్‌బరోలో థామస్ గ్లెడ్‌స్టేన్స్ అనే వర్తకుడు 1617లో కొన్న అంతస్తుల ఇల్లు ఇప్పుడు గ్లాడ్‌స్టోన్స్ లాండ్ పేరుతో ఉంది. అక్కడ 1620 నాటి కప్పు మీద పండ్లూ పూలూ విరగబూసి ఉంటాయి. నీతి లేదు, కథ లేదు. చలి దేశపు వ్యాపారి ఏడాది పొడుగునా తన నెత్తి మీద ఒక తోట ఉంచుకున్నాడు, అంతే. ఇంటి కప్పు మీద ఏం వేయించుకోవాలన్న ప్రశ్నకు ఈ రెండు ఇళ్లూ రెండు సమాధానాలు. రెండూ సరైనవే.

ఈ కప్పులు వేసిన చాలామంది చిత్రకారుల పేర్లు మనకు మిగల్లేదు. లార్గ్స్‌లోని స్కెల్మోర్లీ ఐల్ అనే సమాధి మందిరపు చెక్క కప్పు మీద మాత్రం జేమ్స్ స్టాల్కర్ అనే ఆయన తన పేరూ 1638 అన్న సంవత్సరమూ రాసుకున్నాడు. ఆ ఒక్క సంతకం వెనక పేరు లేని ఎందరో పనివాళ్లను తలచుకోవాలి.

మరుగునపడి మిగిలినవి

17వ శతాబ్దం గడిచే కొద్దీ సున్నపు పూత కప్పులు ఫ్యాషన్ అయ్యాయి. పాత రంగుల కప్పులకు అడ్డంగా సన్న బద్దలు మేకులతో కొట్టి, పైన పూత వేసేశారు. బొమ్మల మీద మేకుల చిల్లులు పడ్డాయి. అయితే ఆ పూత చాటున రంగులు ఎండా పొగా తగలకుండా పడి ఉన్నాయి. 19వ, 20వ శతాబ్దాల్లో ఇళ్లు బాగుచేస్తున్నప్పుడు ఒక్కొక్కటీ బయటపడింది. గ్లాడ్‌స్టోన్స్ లాండ్‌ను పడగొట్టబోతుంటే 1934లో నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ కొని కాపాడింది. ఆ తరవాతే దాని రంగుల కప్పు మళ్లీ వెలుగు చూసింది. 1581 నాటి ప్రెస్టన్‌గ్రాంజ్ అనే భవనంలోని కప్పునైతే పలకలతో సహా విప్పి, లాగరిథమ్‌లు కనిపెట్టిన జాన్ నేపియర్ ఇల్లయిన మర్చిస్టన్ టవర్‌కు తరలించి బిగించారు. చెక్క కప్పుకున్న గొప్ప సుగుణం అది. గోడ మీది చిత్రాన్ని కదిలించడం చాలా కష్టం. పలకలను మాత్రం విప్పుకుని పోవచ్చు.

దీని బలహీనత కూడా అంతే స్పష్టం. జిగురు రంగు నీటికి కరిగిపోతుంది. మేడ మీద ఒక్క చోట నీరు కారితే కింద బొమ్మ చెరిగిపోయినట్టే. తడిగుడ్డతో తుడవడమూ ప్రమాదమే. బొమ్మలు గట్టిపడాలని ఒకప్పుడు మైనం పట్టించారు. అది రంగును నల్లబరిచి దుమ్మును పట్టుకుంది. తరవాతి తరం నిపుణులు ఆ మైనాన్ని తీయడానికి ఎంతో ఓపిక పట్టాల్సి వచ్చింది.

మన ఇంట్లో చేయించుకోవాలంటే

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో, తెలంగాణ పాత భవంతుల్లో టేకు దూలాల కప్పులు ఇంకా ఉన్నాయి. ఆ అదృష్టం ఉన్నవాళ్లు మొదట చేయాల్సిన పని, ఏమీ చేయకపోవడం. మసి కింద పాత రంగు గానీ చెక్కడం గానీ ఉందేమో మెత్తటి పొడి కుంచెతో దులిపి చూడండి. చూడకుండా గరుకు కాగితం పట్టించకండి. పాత ఎనామిల్ పూతల్లో సీసం ఉండొచ్చు, దాన్ని గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. ఇప్పటి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. పాత పూతలకు ఆ భరోసా లేదు. మంచి టేకు దూలాన్ని పూర్తిగా రంగుతో కప్పేయనక్కర్లేదు. దూలాన్ని చెక్క రంగులోనే వదిలి, మధ్య పలకలకు మాత్రం బొమ్మలు వేయించుకున్నా నిండుగా ఉంటుంది.

స్లాబు ఇళ్లలో ఉన్నవాళ్లు ఇల్లంతా చేయించాలని ఆశపడకుండా ఒక చోటు ఎంచుకోవడం మేలు. దేవుడి గది, వసారా, చదువుకునే మూల, ఏదైనా సరే. పలకలను కిందే బల్ల మీద పరిచి రంగులు వేయించి, పూర్తిగా ఆరాక పైకి బిగించాలి. మెడ వెనక్కి వాల్చి పైన గీసే గీత కన్నా కింద గీసిన గీత ఎప్పుడూ నికరంగా వస్తుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ముందు థిన్నర్‌తో తుడిచి ప్రైమర్ వేయించాలి. పైన్ చెక్క అయితే ముడుల దగ్గర బంక ఊరి రంగును పాడుచేస్తుంది. ఆ ముడులకు లక్క పూత తప్పనిసరి. మన వానలకూ కోస్తా తేమకూ తోలు జిగురు ఆగదు, బూజు పడుతుంది. ఇక్కడ మెరుపు లేని అక్రిలిక్ రంగే సరైనది. హరిదళంలో ఆర్సెనిక్ ఉంది, ఇంగిలీకంలో పాదరసం ఉంది. వాటి జోలికి వెళ్లకుండా జాజు ఎరుపు, పచ్చమట్టి పసుపు, నీలిమందు నీలం, మసి నలుపు ఛాయలు ఎంచుకోండి. ఈ నాలుగూ తెలుపూ ఉంటే కప్పుకు చాలు.

నమూనా విషయంలో మన దగ్గర కొరత లేదు. స్కాట్లాండ్‌లో ఈ పని మొదలైన 16వ శతాబ్దంలోనే లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద మన చిత్రకారులు పురాణ కథలు గీశారు. అది రాతి కప్పు, సున్నపు నేల. అయినా అక్కడి స్త్రీల చీరల అంచులు చూడండి. పొడుగాటి, సన్నటి పట్టీలు దూలం అడుగున అమరడానికే పుట్టినట్టుంటాయి. కలంకారీ లతలు దూలం పక్కలకు సరిపోతాయి. పలకల మీద పండ్లో పక్షులో కథో మీ ఇష్టం. వేయించే ముందు నమూనాను అట్ట మీద గీసి కప్పుకు అతికించి, రెండు రోజులు ఉంచి చూడండి. కింద నిలబడితే కలిసిపోయే గీతల్ని లావు చేయించండి. గుమ్మంలో నుంచి ఒకసారి, గది మధ్య నుంచి ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూశాకే మేస్త్రిని పిలవండి.

ఇల్లు బాగుచేయించుకునే వాళ్లకు ఇవాళ మొదట వచ్చే సలహా ఫాల్స్ సీలింగ్. పాత చెక్క కప్పు ఉన్న ఇంట్లో ఆ సలహాకు ఒప్పుకోకండి. స్కాట్లాండ్ కప్పులు కొన్ని పూత చాటున అదృష్టవశాత్తూ బతికాయి. మన తేమలో, మన చెదల మధ్య, మూసేసిన చెక్కకు అలాంటి అదృష్టం ఉంటుందని నమ్మలేం. గాలి ఆడే చెక్క, రోజూ కంటికి ఆనే చెక్క మాత్రమే ఎక్కువ కాలం బతుకుతుంది. నీరు కారితే వెంటనే కనపడుతుంది, చెద పడితే వెంటనే తెలుస్తుంది. దాని మీద నాలుగు రంగుల బొమ్మలుంటే ఇంటిల్లిపాదీ రోజూ తలెత్తి చూస్తారు. చూసుకునే కప్పును కాపాడుకోవడం తేలిక.