తప్పు, వెలి, తీర్పు: ఆన్‌లైన్ ఆటలలో శిక్షాన్యాయం

తెలుగు పల్లెలలో కులపంచాయితీలు విధించిన శిక్షలలో తప్పు వేరు, వెలి వేరు. తప్పు కట్టినవాడు మళ్ళీ పంక్తిలో కూర్చునేవాడు. వెలిపడినవాడికి నిప్పూ నీళ్ళూ పుట్టేవి కావు. అమెరికన్ సంస్థలు నడిపే ఆన్‌లైన్ పోటీ ఆటలలో ఈ రెండూ కొత్త రూపంలో కనిపిస్తాయి. కొంతకాలం ఆడనివ్వకపోవడం మొదటిది, శాశ్వత నిషేధం రెండవది. శిక్ష ఎంత కఠినమన్నదానికన్నా, అది ఎవరి తీర్పు, ఏ సాక్ష్యంపై ఆధారపడింది, దానికి ముగింపు ఉందా అన్నవే అసలు ప్రశ్నలు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని వాల్వ్ సంస్థ 2012లో విడుదల చేసిన ‘కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్’లో జట్టుకు ఐదుగురు. సహచరులు ఓటు వేసి తమలో ఒకరిని ఆట మధ్యలోనే గెంటివేయగలిగేవారు. ఆట వదిలిపోయేవారితోబాటు, పదే పదే గెంటివేతకు గురైనవారికి కూడా 30 నిమిషాలనుంచి 2 గంటలు, 24 గంటలు, 7 రోజులవరకు పెరిగే నిషేధం ఉండేది. ఆటను కావాలని చెడగొట్టేవాణ్ణి ఊరికే వదిలితే మిగిలిన నలుగురి కాలం వృథా అవుతుంది, నిజమే. కాని ఆ ఓటు కారణం అడిగేది కాదు. ఆట సరిగా రానివాడిపైనా, యాస నచ్చనివాడిపైనా అదే ఓటు పడవచ్చు. గెంటివేతలను లెక్కించి శిక్షించడమంటే ఆరోపణల సంఖ్యనే సాక్ష్యంగా తీసుకోవడం.

లాస్ ఏంజెలెస్‌లోని రయట్ గేమ్స్ ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ కోసం 2011లో ప్రారంభించిన ట్రిబ్యునల్ ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. ఫిర్యాదులు పేరుకున్న ఆటగాడి సంభాషణలను, ఆట వివరాలను ఇతర ఆటగాళ్ళ ముందుంచి, శిక్షా క్షమా తేల్చమనేది. అయితే నిందితుడి వాదనకు అక్కడ చోటు లేదు. పైగా తొలినాళ్ళలో అధికసంఖ్యాకులతో కలిసిన ఓటుకు ఆటలో చెల్లే ప్రతిఫలం దక్కేది. న్యాయమేదో ఆలోచించడంకన్నా నలుగురూ ఏమంటారో ఊహించడం లాభసాటి అయిన చోట తీర్పు సందేహాస్పదమే. 2014లో ఆ వ్యవస్థ నిలిచిపోయింది.

అదే సంస్థ 2012 డిసెంబరులో క్రిస్టియన్ రివేరా అనే వృత్తి ఆటగాణ్ణి దురుసు ప్రవర్తనకు ఏడాదిపాటు పోటీలనుంచి నిషేధించింది. గడువు తీరాక అతను తిరిగి పోటీలలోకి వచ్చాడు. ఇది తప్పు కట్టించడం. 2014 ఆగస్టులో అమెరికాకు చెందిన ఐబైపవర్ జట్టు కావాలని ఓడిపోయిన ఉదంతం ఇందుకు భిన్నం. ఆ ఉదంతంలో ఏడుగురిని వాల్వ్ 2015 జనవరిలో తన పోటీలనుంచి నిషేధించి, మరుసటి ఏడు ఆ నిషేధం శాశ్వతమని ప్రకటించింది. ఈఎస్‌ఎల్ అనే పోటీల సంస్థ 2017లో తన నిషేధాన్ని ఎత్తివేసినా, వాల్వ్ కదలలేదు. 2021లో మాత్రం, మోసపు సాఫ్ట్‌వేర్ వాడినందుకు పడిన నిషేధాలు ఐదేళ్ళు దాటితే తన పోటీలకు అడ్డుకావని నియమం మార్చింది. రెండు నేరాలూ ఆటపై నమ్మకాన్ని చంపేవే. ఒకదానికి కాలం మందయితే, మరొకదానికి ఎందుకు కాకూడదు?

వేదిక సొంతదారే ఫిర్యాదు స్వీకరించి, నేరం నిర్ణయించి, శిక్ష అమలుచేసే చోట ఆటగాడికి మిగిలే రక్షణలు మూడే: కారణం తెలియడం, తన మాట చెప్పుకోగలగడం, గడువు ఉండడం. ఈ మూడూ లేని శిక్ష క్రమశిక్షణ అనిపించుకోదు. దాని పాతపేరు వెలి.