పక్కింటి పోతుటీగ

కార్తీకం దాటి కంది పూతకొచ్చేసరికి నందిగామ, జగ్గయ్యపేట మెట్టచేలల్లో పొద్దుటిపూట సన్నటి రొద మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ మా నోటికి ఇది ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. ఆ రొదలో పుట్టతేనెటీగల వాటా పెద్దది. వాటర్ ట్యాంకు కింద చేటంత పట్టు వేలాడదీసేది కొండతేనెటీగ, దాని దారి వేరు. పుట్టతేనెటీగకు వెలుతురు గిట్టదు. పుట్టలోనో, చింతచెట్టు తొర్రలోనో, పాడుబడ్డ బావి ఒరలోనో, ఒక్కోసారి కరెంటు మీటరు పెట్టెలోనో వరసగా అయిదారు తుట్టెలు కట్టుకుంటుంది. చీకట్లో కాపురం చేస్తుంది కాబట్టే దాన్ని పెట్టెలో పెట్టి సాకడం కుదిరింది.

తేనె కోసమైతే దీన్ని పెంచడం తెలివైన పని కాదు. పెట్టెకు ఏడాదికి అయిదారు కిలోలు వస్తే సంతోషించాలి. 1962లో నగ్రోటా దగ్గర మన దేశంలో నిలదొక్కుకున్న ఐరోపా ఈగ దీనికి ఎన్నో రెట్లు ఇస్తుంది. లారీల్లో పెట్టెలు వేసుకుని పొద్దుతిరుగుడు చేల వెంట తిరిగేవాళ్లు పెంచేది దాన్నే. వాళ్లను తప్పుపట్టను, అది వాళ్ల వ్యాపారం. కానీ ఆ ఈగల్ని ప్రపంచమంతా పీక్కుతింటున్న వరోవా పురుగు పుట్టింది మన ఈగ మీదే. మనదానికి అది పాత చుట్టం. పోతుపిల్లల గదుల్లో తప్ప దాన్ని పిల్లలు పెట్టనివ్వదు, ఒంటిమీద పాకితే ఒకదాన్నొకటి దులుపుకుంటాయి. మందుల్లేకుండా బతికే ఈగ ఇది. మే నెలలో జగ్గయ్యపేట ఎండకు పెట్టె గుమ్మం దగ్గర కూర్చుని చూడండి. కూలి ఈగలు వరసగా నిలబడి, తల బయటికి పెట్టి, లోపలికి గాలి కొడుతుంటాయి. ఐరోపా ఈగైతే తల లోపలికి పెట్టి విసురుతుంది.

ఇంత గట్టిదీ ఒక్కసారి కూలిపోయింది. 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు వచ్చి దక్షిణాదిలో పుట్టతేనెటీగ పెట్టెల్లో చాలా భాగం ఖాళీ అయింది. పిల్లపురుగు గదిలోనే పడవలా పైకి లేచి, నీటిసంచిలా ఉబ్బి చస్తుంది. దానికి అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. తట్టుకుని మిగిలిన పట్టుల నుంచే మళ్లీ సంతతి పెంచుకోవాలి. దేశీ ఈగల పెంపకంలో అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ఆవుకు మంచి ఆంబోతును వెతికినట్టు రాణికి మగణ్ణి వెతకలేం. రాణి జీవితంలో ఒకటి రెండుసార్లే పెళ్లికి గాలిలోకి ఎగురుతుంది, అక్కడ పదికి పైగా పోతుటీగలతో కలుస్తుంది. ఆ పోతులు మీ పెట్టెవి కావచ్చు, పక్క ఊరి బావి ఒరలోవీ కావచ్చు. మీ ఒక్కరి ఈగ మంచిదైతే చాలదు, చుట్టుపక్కల పోతుటీగలూ మంచివి కావాలి. అందుకే ఇది ఒక్కరు చేసే పని కాదు, పది ఇళ్లవాళ్లు కలిసి ఏడాది పొడవునా చేసుకోవాల్సిన పని.

ఏడాది దసరాతో మొదలవుతుంది. బావి ఒరలోని పట్టును పొద్దుగూకే వేళ పెట్టెకెక్కిస్తారు. కొంచెం పొగ పెట్టి తుట్టెల్ని కత్తితో ఒక్కొక్కటే కోస్తారు. పైనుండే తేనె భాగం తీసేసి, పిల్లలున్న భాగాన్ని తలకిందులు కాకుండా చట్రంలో నిలబెట్టి అరటినారతో కడతారు. రాణి దొరికితే చిల్లుల డబ్బాలో పెట్టి పెట్టెలో వేలాడదీస్తారు. మిగతావి వాటంతటవే వస్తాయి. తుట్టె చట్రానికి అతుక్కున్నాక ఈగలు ఆ నారను కొరికి, పోగులు పోగులుగా గుమ్మంలోంచి బయట పారేస్తాయి. ఆ పోగులు కనిపించాయంటే కొత్తిల్లు నచ్చినట్టే. మన దగ్గర పెట్టె అంటే న్యూటన్ పెట్టె. 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో ఉన్న న్యూటన్ అనే ఫాదర్ మన చిన్న ఈగ కొలతకు తయారుచేసినది. పిల్లల అరలో ఏడు చట్రాలుంటాయి.

వానల్లో జబ్బు రానిది, ఎండల్లో ఇల్లు వదిలి ఎగిరిపోనిది, మూత తీస్తే తుట్టె మీద పిచ్చిగా పరుగులు పెట్టనిది ఏ పెట్టో పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. బృందంలో అందరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే రాణుల్ని తీసుకోవాల్సిన తల్లి పెట్టెలేవో, పోతుల్ని పెంచాల్సిన పోతు పెట్టెలేవో తేలుతుంది. ధనియాలు, కుంకుడు పూతకొచ్చే మార్గశిర, పుష్య మాసాల్లో పెట్టెల విభజన చేస్తారు. తొందరపడి పెట్టెను రెండుగా చీలిస్తే లాభం లేదు. గుడ్డు పెట్టినప్పటి నుంచి రాణి గది వదిలి బయటికి రావడానికి 16 రోజులు చాలు. పోతుటీగకు 24 రోజులు పడుతుంది, ఎగిరి జతకట్టడానికి ఆపైన ఇంకో పది రోజులైనా ఉండాలి. కాబట్టి ముందు పోతుపిల్లలు కనపడాలి. పుట్టతేనెటీగలో వాటిని పోల్చడం తేలిక. మూత ఉబ్బెత్తుగా ఉండి, నడినెత్తిన సూదితో గుచ్చినట్టు సన్నటి రంధ్రం ఉంటుంది. కూలి ఈగ గది మూతకు ఆ రంధ్రం ఉండదు.

తర్వాత బలమైన పెట్టెలోంచి మూడు చట్రాలు ఈగలతో సహా తీసి రాణి లేని కొత్త పెట్టెలో పెడతారు. వాటిని సొంతంగా రాణిని చేసుకోనివ్వకుండా, తల్లి పెట్టెలో తయారైన రాణి గదిని చిన్న తుట్టె ముక్కతో కోసి తెచ్చి అమరుస్తారు. వేరుశనగ కాయలా కిందికి వేలాడే ఆ గది కొన మీది మైనాన్ని ఈగలు గీకేసి, లోపలి గోధుమరంగు పొర కనిపిస్తే రాణి ఒకటి రెండు రోజుల్లో వస్తుందని గుర్తు. అప్పుడే కోయాలి, వంచకూడదు, కుదపకూడదు. మొదటి ఏడాది నేను ఈగలు విడిపోయి ఎగిరిపోకుండా ఒక పెట్టెలో నాలుగు రాణి గదులు తుంచి మురిసిపోయాను. తుట్టె కింది అంచున దాక్కున్న అయిదోదాన్ని చూడలేదు. మూడో రోజు సగం ఈగలు ముసలి రాణిని తీసుకుని వేపచెట్టెక్కాయి.

అన్ని పెట్టెల్నీ ఒకే రాణి కూతుళ్లతో నింపడం ఇంకో పొరపాటు. దగ్గరి రక్తం కలిస్తే కొన్ని గుడ్లు పనికిరాని పోతులవుతాయి, ఆ పిల్లపురుగుల్ని కూలి ఈగలే తినేస్తాయి. తుట్టె జల్లెడలా కనిపిస్తుంది. అందుకే చందర్లపాడు వైపు నుంచో వత్సవాయి వైపు నుంచో ఏటా ఒకటి రెండు కొత్త పట్టులు తెచ్చి కలుపుకోవాలి.

మాఘం నుంచి చైత్రం దాకా మోదుగ, జామాయిల్, వేప, కానుగ. తేనె తీయడం ఒక పూట పని, పై అరలోదే తీయాలి. ఆ తర్వాత ఎండాకాలమంతా నీడ, తడి గోనె, నీళ్ల పళ్లెం. పెట్టె కాళ్ల కింద నీటి గిన్నెలు ఎండితే చీమలు ఎక్కేస్తాయి. వానల్లో పూత ఉండదు, చక్కెర పానకం పోయాలి. నల్లబడ్డ పాత తుట్టెలు తీసేయకపోతే మైనపు పురుగు పడుతుంది. అది పడ్డ పెట్టెలో పుట్టతేనెటీగ నిలవదు. ఏలూరు దగ్గర విజయరాయిలో ఖాదీ కమిషన్ తేనెటీగల కేంద్రం ఇలాంటి పనులన్నీ నేర్పింది. ఏడాది పొడవునా పెట్టె మూత తీసి చూసుకోవాల్సింది మాత్రం ఊళ్లోవాళ్లే.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఒక చిక్కుంది. ఈగలు పెరగాల్సిన ఆ చలికాలంలోనే మిర్చికి మందులు కొడతారు. 2021 చివర్లో నల్ల తామరపురుగు వచ్చి చేలు ఊడ్చేసినప్పటి నుంచి రైతు భయపడి ఇంకా ఎక్కువ కొడుతున్నాడు. ఆ భయాన్ని కాదనలేం. కానీ కంది, ధనియాలు, దోస పాదులు ఆ రైతువే, వాటి పూత మీద వాలే ఈగ కూడా ఆయనదే. మందు పొద్దున కాక సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక కొట్టండి, పెట్టెలున్న వాళ్లకు ముందురోజే ఒక మాట చెప్పండి. బావి ఒరలో పట్టు కనపడితే మాత్రం కాగడా పెట్టకండి. అది ఎవరో ఒకరి రాణికి కావాల్సిన పోతుల పట్టు.